‘విడనాడుట న్యాయమా?’: మత్తయి 19లో అడిగింది ఎవరు, దేని గురించి?

అందరికీ వందనాలండి. మాది నరసాపురం దగ్గర పల్లె. మా సంఘంలో ఒకమ్మాయి, మొగుడు కొడుతున్నాడని పుట్టింటికి వచ్చేస్తే పెద్దలు కూర్చుని ‘దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు’ అని బైబిల్లో మత్తయి సువార్త 19:6 చదివి వెనక్కి పంపేశారు. ఆ వచనానికి అర్థం అదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: అమ్మా, ఆరో వచనం ఒక్కటే చదివితే ఇలాగే అవుతుంది. మూడో వచనంలో పరిసయ్యులు, అంటే ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే యూదుల వర్గంవాళ్ళు, యేసుని అడిగిన ప్రశ్న చూడండి, ‘ఏ హేతువుచేతనైనను పురుషుడు తన భార్యను విడనాడుట న్యాయమా?’ అని. ద్వితీయోపదేశకాండము 24లో ఉన్న పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల కాగితం మీద అప్పటికే యూదుల్లో పెద్ద వాదం నడుస్తోంది, షమ్మాయి, హిల్లేలు అని ఇద్దరు యూదు బోధకులు, షమ్మాయి వర్గం తప్పు నడత ఉంటేనే అనేది, హిల్లేలు వర్గం కూర మాడినా చాలు పంపేయొచ్చు అనేది. ఆ రోజుల్లో పత్రిక రాసిచ్చేది మగవాడే, పంపేసిన ఆడదానికి కూడూ గూడూ కష్టమయ్యేవి. యోసేపు మరియను ‘రహస్యముగా విడనాడ ఉద్దేశించెను’ అని మత్తయి 1:19లో ఉందే, అక్కడా ఇదే మాట, మగవాడు ఆడదాన్ని వదిలేయడం. కాబట్టి యేసు ‘మీ హృదయకాఠిన్యమునుబట్టి’ అని గద్దించింది భార్యను తేలిగ్గా వదిలించుకునే మగవాళ్ళని. దాన్ని తీసుకొచ్చి దెబ్బలు తిన్న పిల్లకి చెప్పడం వాక్యాన్ని తిరగేయడమే, నాకైతే చాలా బాధగా ఉంది.

మరొకరు: మాస్టారూ, మరి ‘వ్యభిచారము నిమిత్తమే తప్ప’ అన్న మాట మత్తయిలోనే ఉంది, మార్కులో, లూకాలో లేదు కదండీ. పైగా మార్కు 10:12లో స్త్రీ పురుషుణ్ణి విడనాడితే అని కూడా ఉంది. అలాంటప్పుడు కొట్టాడని విడిపోవచ్చని ఎలా చెప్తారు?

జవాబు: నిజమే బాబూ, ఆ తేడా ఉంది, దానివల్లే సంఘాలు తలో దారి పట్టాయి. కథోలికులు విడాకుల్ని ఒప్పుకోరు, పెళ్ళి మొదటి నుంచీ చెల్లలేదని తేలిస్తే తప్ప, మొగుడో పెళ్ళామో బతికుండగా సాధారణంగా రెండో పెళ్ళి చెయ్యరు. ప్రొటెస్టెంట్లలో చాలామంది మత్తయి మినహాయింపు, అవిశ్వాసి విడిచిపోతే నిర్బంధం లేదనే 1 కొరింథీ 7:15 కలిపి చదువుతారు. కానీ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా అన్నది ఒక ప్రశ్న, ప్రాణభయం ఉన్నచోట వేరుగా ఉండొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదాన్ని యేసు కాదన్న వచనం ఒక్కటి చూపించండి. కథోలిక చట్టం కూడా ప్రమాదం ఉంటే వేరుగా ఉండనిస్తుంది.

ఇంకొకరు: చట్టం సంగతి కూడా చెప్తానండి. మన దేశంలో క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు, భార్య మాత్రం చాలాసార్లు దానితోపాటు క్రూరత్వమో, వదిలేయడమో కూడా నిరూపించాల్సి వచ్చేది. 2001 సవరణతో క్రూరత్వం ఒక్కటే ఉన్నా క్రైస్తవ స్త్రీ కోర్టుకి వెళ్ళొచ్చు. వెళ్ళమని నేను అనట్లేదు, ఆ దారి ఉందని ఆ పిల్లకి తెలియాలి కదా. ముందు అయితే ఆవిడ ఎలా ఉందో ఈ రోజే ఎవరైనా వెళ్ళి చూసి రండి అక్కా.