దవడ పన్ను ఖాళీకి ముందు క్లిప్పులా, డైరెక్ట్‌గా బ్రిడ్జా?

నాకు నలభై దాటాయి. కింద ఎడమ వైపు దవడ పన్ను ఎప్పుడో తీసేశారు, ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది, ఇప్పుడు దాని వెనక పన్ను ముందుకి వంగిపోయింది, పైదేమో ఎదురు పన్ను లేక కిందికి దిగింది. ఖాళీకి ముందున్న పన్నుకి ఈమధ్యే రూట్ కెనాల్ చేసి జిర్కోనియా క్యాప్ వేశారు గానీ నోరు మూస్తే ముందు అదే తగులుతోంది. నీలం కాగితం పెట్టి కొరికించి, మచ్చ పడ్డ చోట అరగదీశారు, కాస్త నయమే, కానీ పొద్దున లేవగానే చెవి ముందు కీలు దగ్గర పట్టేసినట్టు ఉంటోంది, నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని ఇంట్లో కంప్లైంట్ (గురక కంప్లైంట్ ఎలాగూ ఉంది).

ఒక డాక్టర్‌గారు క్లిప్పులు పెట్టి వంగిన పన్ను నిలబెట్టాకే ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దింపి దాని మీద పెట్టే పన్ను) అంటారు, ఇంకొకరు అదంతా ఎందుకండీ, ఈ క్యాప్ తీసేసి వెనక పన్ను కూడా అరగదీసి బ్రిడ్జి (రెండు పక్కల పళ్ళ మీద ఆనించి మధ్య ఖాళీలో పన్ను వచ్చేలా కట్టేది) వేసేద్దాం, రాత్రిళ్ళు నైట్ గార్డ్ (పళ్ళకి పెట్టుకునే తొడుగు) పెట్టుకోండి చాలు అంటున్నారు. బాగున్న పన్ను అరగదీయించడం నాకైతే మనసొప్పట్లేదు.

ఈ వయసులో క్లిప్పులు పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? క్యాప్ మీద బ్రాకెట్ (క్లిప్పుల్లో పంటికి అతికించే ముక్క) అతుక్కుంటుందా, ఊడిపోతుందా? పళ్ళు కొరికే అలవాటున్నా ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళుంటే ఎలా ఉందో చెప్పండి ప్లీజ్.