పళ్లకు క్లిప్పులు వేయించే ముందు ఎక్స్‌రేలు నిపుణులకు చూపించాలా?

పొద్దుతిరుగుడు:
మా అమ్మాయికి 13 ఏళ్లు. పై వరుసలో ఎడమ కోరపన్ను ఇంకా రాలేదు, ముందుపళ్లు ఎత్తుగా ఉన్నాయి. మా వీధిలోని దంతవైద్యులు ఓపీజీ (రెండు దవడల పళ్లన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే) తీయించి, సోమవారమే క్లిప్పులు వేద్దామన్నారు. పళ్ల వరుస సరిచేసే నిపుణులైన ఆర్థోడాంటిస్టుకు, వీలైతే పళ్ల ఎక్స్‌రేలు చదివే దంత రేడియాలజిస్టుకు కూడా ఆ ఫిల్ము చూపించనిదే ఒప్పుకోవద్దని మా వదిన పట్టుబడుతోంది. ఇది అవసరమా, అదనపు ఖర్చా?

గోరింట:
ఖర్చేనండి. మా అబ్బాయికి వేసినావిడ ఎండీఎస్ చేసిన ఆర్థోడాంటిస్టు. దంతవైద్య డిగ్రీ బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆవిడ చదివినదే ఇది. ఓపీజీ, పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రే సెఫలోగ్రామ్ మా ఎదుటే కొలిచి చూపించారు. దానిపై ఇంకొకరి మాట ఎందుకు? మెట్టుమెట్టుకూ ఒక నిపుణుడంటే పల్లెల నుంచి వచ్చేవాళ్లు వైద్యమే మానుకుంటారు.

చింతచెట్టు:
గోరింట గారూ, మీ అబ్బాయి ఎక్స్‌రేలు చూసిందే నిపుణురాలు కదా! ఆ చూపు లేకుండా మొదలుపెట్టవచ్చా అన్నది ఇక్కడి ప్రశ్న.

మా చెల్లెలికి 14వ ఏట క్లిప్పులు వేశారు. కోరపన్ను దానంతటదే దిగుతుందన్నారు. ఏడాదిన్నరకు దాని పక్కనున్న ముందుపన్ను కదలసాగింది. అప్పుడు సీబీసీటీ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే స్కాన్) తీస్తే, అంగిలి వైపు అడ్డంగా పడుకున్న కోరపన్ను ఆ పన్ను వేరును సగానికి పైగా అరగదీసిందని తేలింది. ఓపీజీ అంటే వంపు తిరిగిన దవడను చదును చేసి చూపే బొమ్మ. ఏది ముందుందో, ఏది వెనకుందో అందులో సరిగా తెలియదు. అయినా పాత ఓపీజీ చూసిన రేడియాలజిస్టు, కోరపన్ను మొన పక్క వేరు మీదికి వచ్చి ఉందని, అప్పుడే అనుమానించవలసిందని అన్నారు. ఆ ఫిల్ము అన్నాళ్లూ మా బీరువాలోనే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

పళ్లు జరిపే ముందు దంతవైద్యులు తాజా ఎక్స్‌రేలు చూసి తీరాలని కాలిఫోర్నియాలో 2020 నుంచి చట్టమే ఉంది. నోట్లో తిప్పే త్రీడీ స్కానర్‌ను చూసి అంతా తెలిసిపోయిందనుకోకండి. దానికి వేర్లూ ఎముకా కనిపించవు.

గోరింట:
మీ చెల్లెలి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆర్థోడాంటిస్టు చూడాలన్నది ఒప్పుకుంటాను. కానీ పిల్లలందరికీ సీబీసీటీ అంటే మాత్రం ఒప్పుకోను. ఓపీజీ కంటే దాని రేడియేషన్ ఎక్కువ.

చింతచెట్టు:
అందరికీ అనడం లేదండి. అనుమానం ఉన్నచోట, ఆ కాస్త మేరకే తీయించవచ్చు. పై కోరపన్ను మామూలుగా 11, 12 ఏళ్లకు వస్తుంది. 13 దాటుతున్నా రాలేదంటే అది అనుమానించదగినదే. పొద్దుతిరుగుడు గారూ, పై చిగురు మీద వేలితో తడిమితే లోపలున్న కోరపన్ను ఉబ్బు తగులుతోందేమో వైద్యులను చూడమనండి. ఖర్చు గురించి బెంగ ఉంటే దంత కళాశాలకు వెళ్లండి. ఆర్థో, రేడియాలజీ విభాగాలు రెండూ అక్కడే ఉంటాయి.

పొద్దుతిరుగుడు:
తడిమి చూశారు. ఎడమవైపు ఉబ్బు లేదు, పాల కోరపన్ను కూడా కదలడం లేదు. సోమవారం క్లిప్పులు వద్దని చెప్పాను. ఫిల్ము తీసుకుని ఆ రోజే కళాశాలకు వెళ్తున్నాం.