మండువా మీద స్లాబ్ వేయిస్తే తప్పా?

లంకపిల్ల:
అమలాపురం దగ్గర మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి మాది. నాలుగు వైపులా పెంకు చూరు లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్లు మధ్యలో పైకప్పు లేని మండువాలో పడి తూములోంచి పెరట్లోకి పోతాయి. వానాకాలమంతా వసారా తడే. నిరుడు అమ్మ జారి పడింది. పైన స్లాబ్ వేయించేద్దామంటే మా బాబాయి నాతో మాట్లాడటమే మానేశారు. మీరైతే ఏం చేస్తారు?

గోదారిగట్టు:
స్లాబ్ మాత్రం వద్దండి. వేడి గాలి పైకి పోయే దారి ఆ మండువానే, దాన్ని మూసేస్తే ఇల్లు ఉడికిపోతుంది. అయినా అంత బరువు దేని మీద మోపుతారు? ఆ స్తంభాలు పెంకుల్నీ వాసాల్నీ మోయడానికి నిలబెట్టినవి.

అద్దెకొంప:
పాత ఇళ్లని చూసి మురిసిపోయేది ఫ్లాట్లలో ఉండేవాళ్లే. ఏటా పెంకు సర్దించాలి, ఆ పని తెలిసిన మనిషి దొరకడు. కోతులు ఒక్క పూట గెంతితే మళ్లీ మొదటికే. చల్లదనం అంటారా, అరుగు మీద గాలి మగవాళ్లకి, వంటింట్లో పొగ మా నాయనమ్మకి. అవతల పెద్దావిడ పడిపోతే మీరు గాలి గురించి చెబుతున్నారు!

గోదారిగట్టు:
నాయనమ్మగారి సంగతి నిజమే, కాదనను. కానీ మా ఇంటి సంగతి వినండి. 1986 ఆగస్టు వరదలో నడుము లోతు నీళ్లు. గానుగ సున్నం గోడలు మెల్లగా ఆరిపోయాయి. ఒక్క గదికి మాత్రం నాన్నగారు గట్టిగా ఉంటుందని సిమెంటు పూత వేయించారు. ఇప్పటికీ ఆ గదిలోనే ఉప్పు పొంగి పెచ్చులు ఊడుతున్నాయి. సున్నం తేమని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే ఆపేస్తుంది. అందుకే కొత్త సరుకంటే నాకు భయం. మీరు చూరు అంచుకి రేకు కాలువ కట్టించి, గొట్టంతో నీళ్లు తూములోకి దింపండి. అమ్మగారు నడిచే చోట నున్నటి గచ్చు తీసేసి గరుకు రాయి పరిపించండి.

అద్దెకొంప:
రాయి ముందు, కాలువ తర్వాత. ఇంతవరకూ ఒప్పుకుంటాను.

లంకపిల్ల:
రాయికి మేస్త్రీ రేపు వస్తాడు. కాలువ సంగతి బాబాయికి చెప్పాను. "చూరు నీళ్లు ధారగా పడకపోతే అది మండువా ఎలా అవుతుందే?" అన్నారు. పోనీలెండి, మాట్లాడారు.