మజ్బూత్ పకడ్‌ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఎన్‌సీసీలో చేరిన మా అమ్మాయి కోసం రైఫిల్ పాఠాన్ని తెలుగులో రాస్తున్నాను. అక్కడ హిందీలో మూడు మాటలు వల్లె వేయిస్తారు: మజ్బూత్ పకడ్ (మాటకు మాట గట్టి పట్టు), శిస్త్, ట్రిగ్గర్ ఆపరేషన్. మొదటిదానికి ‘బిగి పిడికిలి’ అని రాశాను. రెండోది వింటే పొలం శిస్తు తప్ప మరేదీ తోచలేదు. పెద్దలు సరిచేయగలరు.

జవాబు: పిడికిలి మాత్రం వద్దండీ. కాలేజీ రోజుల్లో ఆ ‘మజ్బూత్’ను అక్షరాలా నమ్మి చెడ్డవాణ్ణి నేను. పాయింట్ 22 రైఫిల్‌ను గొంతు పిసికినట్టు పట్టుకుని బోర్లా పడుకున్నాను. 25 మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద ఐదు గుళ్లూ ఐదు మూలలకు పోయాయి. ఉస్తాద్ తిట్టలేదు, పక్కన కూర్చుని నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశారు.

కుడిచేతి వాటం వారికి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు పిడిని వెనక్కి లాగి, తుపాకీ మడమను, అంటే దాని వెనక కొసను, భుజం గుంటలో ఆనించి ఉంచాలి. చూపుడు వేలికి ఆ మూడింటితో పొత్తు ఉండకూడదు. దాని కొస మెత్త ఒక్కటే ట్రిగ్గర్‌ను తాకాలి. అన్నీ కలిసి ముడుచుకుంటే తుపాకీ మూతి కదులుతుంది. మడమ కదలకుండా, మీటరు పొడవున్న తుపాకీ మూతి ఒక్క మిల్లీమీటరు జరిగితే 50 మీటర్ల దగ్గర గుండు 50 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే! అలాగని వదులుగా పట్టినా మడమ భుజం మీద నిలవదు. చంటిపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేటప్పుడు ఎంత బిగువు ఉంటుందో అంత చాలు. దానికి మనకు ఉన్న మాట ఒడుపు. ‘ఒడుపైన పట్టు’ అనండి.

శిస్త్ మూలం పారసీ ‘శస్త్’. బొటనవేలు అని అర్థం. విలుకాడు బొటనవేలికి తొడుక్కునే ఉంగరానికీ ఆ పేరే; అక్కడి నుంచి గురి అనే అర్థం వచ్చింది. మనం ‘గురి’ అంటే సరిపోతుంది. ఇక ట్రిగ్గర్‌ను లాగడం అని రాయకండి, పిల్లలు గుంజుతారు. ‘అదమడం’ అంటే నెమ్మది అందులోనే ఉంది.

మరొకరు: ఎడమచేతిని మరిచిపోయారు మాస్టారూ! అది అసలు పట్టదు. అరచెయ్యి తుపాకీ కింద పీటలా ఉంటుంది, వేళ్లు వదులుగా ఉంటాయి, మోచేయి తుపాకీ కిందికి వస్తుంది. బరువులో కొంత జబ్బకు బిగించిన పటకా మోస్తుంది. దానికి ‘ఊత’ అని వేరే మాట పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: పట్టు, ఊత, గురి, అదమడం, నాలుగూ రాసుకున్నాను. ధన్యవాదాలు. ట్రిగ్గర్‌కు ‘మీట’ అని రాస్తే అమ్మాయి “లైటు స్విచ్చా నాన్నా?” అని నవ్వింది. ట్రిగ్గర్ అనే ఉంచేశాను.