పాత టాటా ఏస్‌కి టైమింగ్ బెల్ట్ మార్చడానికి 5,800 అడుగుతున్నారు, ఇది సరైన రేటేనా?

నిమ్మతోట_పొదలకూరు

అన్నలందరికీ నమస్కారం. మాది పొదలకూరు పక్కన పల్లె. 2012 మోడల్ టాటా ఏస్ ఉంది, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మా తోట కాయలు, చుట్టుపక్కల నలుగురైదుగురి కాయలు నిమ్మకాయల యార్డుకి తోలుతుంటాను, ఖాళీ ఉన్నప్పుడు నెల్లూరుకి బాడుగలకి పోతాను. మొన్న ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) ముందు నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో బండి చూపిస్తే, ఆ మెకానిక్ అంతా చూసి చివర్లో టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడిగాడు. నాకు తెలియదన్నాను. అయితే ముందు అది మార్చుకో, అన్నీ కలిపి 5,800 అవుతుందన్నాడు.

ఇంటికొచ్చి మా ఊరి మెకానిక్‌ని అడిగితే 2,200కే వేసేస్తానంటున్నాడు. యార్డులో ఇంకో డ్రైవరన్న అయితే, నడిచే బండిని ఎందుకు కెలుకుతావు, తెగిన రోజు చూసుకోవచ్చులే అన్నాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతుంటే ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. బండి స్టార్టింగ్ బాగానే ఉంది, పొగ లేదు, పికప్ కూడా ఎప్పటిలాగే ఉంది. కాయకి ఇప్పుడు ధర బాగుంది, రోజుకి రెండు ట్రిప్పులు పడుతున్నాయి, రెండు రోజులు బండి ఆపితే నా ఒక్కడి కాయలే కాదు, నన్ను నమ్ముకున్న వాళ్ల కాయలు కూడా చెట్ల కింద పండిపోతాయి.

ఇంకో సంగతి. మీటరు పనిచేయదు, నేను కొనేనాటికే కేబుల్ తెగి 1,43,000 దగ్గర ఆగిపోయి ఉంది. అమ్మినాయన మాత్రం బెల్ట్ మార్చి ఏడాదే అయిందని అప్పట్లో చెప్పాడు, బిల్లు కూడా ఇచ్చాడు, ఇంట్లో ఎక్కడో ఉండాలి. 5,800 పెట్టొచ్చా, లేక సీజన్ అయ్యేదాకా ఆగొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

డీజిల్‌షెడ్డు_ఒంగోలు

తమ్ముడూ, ఆగొద్దు. నాకు ఒంగోల్లో చిన్న షెడ్డు ఉంది, ఏస్‌లు నెలకి పది పన్నెండు వస్తాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ బండిలో ఉన్నది 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్, ఇండికా డీజిల్ నాలుగు సిలిండర్ల ఇంజన్ని సగం చేసి తయారు చేసినది. కింద పిస్టన్లతో పాటు తిరిగే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది ఈ పళ్ల బెల్టే. డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చినప్పుడు పైన మూతలా ఉండే హెడ్‌కీ దానికీ మధ్య జాగా దాదాపు ఉండదు. బెల్ట్ తెగిందంటే క్యామ్ ఉన్నచోటే ఆగిపోతుంది, తెరుచుకున్న వాల్వు తెరుచుకున్నట్టే కిందికి వేలాడుతుంది, బండి స్పీడులో ఉంటుంది కాబట్టి పిస్టన్ మాత్రం ఆగదు, వచ్చి దాన్ని గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, గట్టిగా తగిలితే పిస్టన్ మీద గుంట పడుతుంది. అప్పుడు హెడ్ దించాల్సిందే. "తెగిన రోజు చూసుకోవచ్చు" అన్నాయన ఫ్యాన్ బెల్ట్‌ని మనసులో పెట్టుకుని అన్నాడేమో, ఫ్యాన్ బెల్ట్ అయితే ఆ మాట చెల్లుతుంది, దీనికి చెల్లదు.

స్టార్టింగ్ బాగుంది, పొగ లేదు అన్నావు. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. ఈ బెల్ట్ తెగే ముందు నిమిషం దాకా బండి చక్కగానే నడుస్తుంది. చూడాలంటే పై కవరు విప్పి బెల్ట్‌ని వేళ్లతో కొంచెం వెనక్కి వంచి, పంటికీ పంటికీ మధ్య మొదట్లో టార్చి వేసి చూడాలి. వెంట్రుక మందాన గీతలు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. అంచులు దారాలు లేచి ఉన్నా, వేలికి నూనె జిడ్డు తగిలినా అంతే. పైకి నల్లగా నున్నగా మెరుస్తుంటే కొత్తదనుకునేరు, రబ్బరు గట్టిపడితే కూడా అలాగే మెరుస్తుంది.

కిలోమీటర్ల సంగతి. నేనైతే అరవై వేలకి మార్చమంటాను, మాన్యువల్ ఉంటే అందులో నీ మోడల్‌కి ఏం రాశారో అదే ఖాయం. కానీ నీకు మీటరే లేదు. రబ్బరు తిరక్కపోయినా ఏళ్లు గడిస్తే ఎండిపోతుంది, మన దగ్గర వేసవి ఎండలు, దానికితోడు ఇంజన్ డ్రైవరు సీటు కింద డబ్బాలో పెట్టినట్టు ఉంటుంది. లెక్క తెలియని బండికి నాదొకటే పద్ధతి, మార్చేసి ఆ రోజు నుంచి కొత్త లెక్క మొదలుపెట్టడం.

రేటు విషయానికొస్తే, 2,200కీ 5,800కీ తేడా మెకానిక్ అత్యాశ కాదు, పనిలోనే తేడా ఉంది. మీ ఊరి మెకానిక్ బెల్ట్ ఒక్కటే వేస్తాడు. నెల్లూరాయన బెల్ట్, దాన్ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీళ్లు కలిపి చెప్పి ఉంటాడు. మా దగ్గర ఈ మధ్య పడ్డవి చెబుతున్నాను: బెల్ట్ 900, టెన్షనర్ 1,350, క్రాంక్ సీలు క్యామ్ సీలు కలిపి 400, కూలీ 1,800. ఒంగోల్లో 4,450. నెల్లూరులో 5,800 అంటే కాస్త ఎక్కువే, బేరమాడితే అయిదు వేలకి రావాలి. కానీ టెన్షనర్ మార్చకుండా బెల్ట్ ఒక్కటే మాత్రం వేయించొద్దు. పాత టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ అయినా వారంలో పళ్లు లేచిపోతాయి. సీలు కారుతుంటే నూనె పడి రబ్బరు ఉబ్బుతుంది. అన్నీ ఒకే కవరు వెనక ఉంటాయి, ఇవాళ విప్పే కూలీ ఇచ్చాక మళ్లీ ఆర్నెల్లకి అదే కూలీ ఎందుకు ఇవ్వడం.

గ్రానైట్‌లారీ_చీమకుర్తి

మా పెద్ద లారీల్లో ఈ బెల్ట్ గొడవే ఉండదు, లోపల టైమింగ్ గేర్లు ఉంటాయి, ఇంజన్ దించిన రోజే వాటి మొహం చూస్తాం. లారీ డ్రైవర్లు చాలామంది అందుకే ఏస్ వాళ్లకి కూడా "ఏం కాదులే" అని చెప్పేస్తుంటారు. యార్డులో నీకు చెప్పినాయన లారీ మీద చేసినోడేమో కనుక్కో తమ్ముడూ. మా బామ్మర్ది ఏస్ కొన్నప్పుడు నేనూ అలాగే చెప్పాను, తర్వాత తెలిసి నేనే తీసుకెళ్లి మార్పించాను.

చేపలబండి_కావలి

నాకు తెగింది అన్నా. అందుకే రాస్తున్నాను.

పోయిన సంవత్సరం కావలి నుంచి ఒంగోలుకి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాను. సింగరాయకొండ ఇంకో అయిదారు కిలోమీటర్లు ఉందనగా, నిండు స్పీడులో ఏమీ లేదు, సీటు కింద టప్‌మని ఒక్క శబ్దం, ఇంజన్ ఆగిపోయింది. పక్కకి తీసి డీజిల్ అయిపోయిందేమో, గాలి పట్టిందేమో అనుకుని సెల్ఫ్ కొట్టాను. ఎప్పుడూ ఎగిరెగిరి తిరిగే ఇంజన్ ఆ రోజు కుట్టుమిషన్లాగా కిర్రున తేలిగ్గా తిరిగింది. ఆ శబ్దం విన్న వెంటనే ఆపాలని నాకు తెలియదు, పది పదిహేను సార్లు కొట్టాను. తర్వాత మెకానిక్ చెప్పాడు, కొట్టిన ప్రతిసారీ వాల్వుని ఇంకాస్త వంచుకున్నట్టేనట. మీకెవరికైనా అలా తేలిగ్గా తిరిగిన శబ్దం వస్తే తాళం తీసి జేబులో వేసుకోండి, తోపుడు స్టార్ట్ కూడా చేయొద్దు, కట్టి లాగించుకోండి.

నాకు మొత్తం 21,400 అయింది. నాలుగు వాల్వులూ, గైడ్లు, హెడ్ గాస్కెట్, హెడ్‌ని లేత్‌కి పంపి సీటింగ్ కొట్టించడం, బెల్ట్ సెట్టు, కూలీ, ఇంకా బండి లాక్కొచ్చిన బాడుగ. ఆరు రోజులు బండి లేదు. చేపలు ఇంకో బండిలోకి మార్చేసరికి ఎండెక్కింది, సగం రేటుకి పోయాయి, ఆ సరుకు నాది కాదు, ఇంకొకరిది, ఆయన ముందు నిలబడి చెప్పుకోవడం డబ్బు పోవడం కంటే కష్టమైంది. మీరూ నలుగురి కాయలు వేసుకుని తిరుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. సీజన్ అయ్యాక అనుకోవద్దు, సీజన్ మధ్యలో తెగితే ఒక్క పూట కాదు వారం పోతుంది.

స్పేర్‌పార్ట్స్_కందుకూరు

సామాను వైపు నుంచి రెండు మాటలు. బెల్ట్ కొనేటప్పుడు బండి ఆర్‌సీ గానీ ఇంజన్ నంబరు గానీ ఫొటో తీసుకుని పో. ఏస్ అనగానే ఒకటే కాదు, పాత ఏస్, ఆ తర్వాత వచ్చిన మోడళ్లు వేరు వేరు, పళ్ల లెక్క ఒక్కటి తేడా వచ్చినా కూర్చోదు. పాత బెల్ట్ పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టి, వెడల్పు కూడా చూసి తీసుకోవడం మంచిది. లూజు కవర్లో ఇచ్చే మూడొందల బెల్ట్ తీసుకోవద్దు, పేరున్న కంపెనీ పెట్టెలో, పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీ నెల ఉన్నది అడుగు. బెల్ట్‌ని మడత పెట్టి ఇస్తే అసలు ముట్టుకోవద్దు, లోపలి దారం విరిగి ఉంటుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత స్టిక్కరు రేటే చెబుతుంటే బిల్లు అడుగు, బిల్లులో 18 పడిందో లేదో చూసుకో.

నిమ్మతోట_పొదలకూరు

అందరికీ థ్యాంక్స్ అన్నా. రాత్రంతా బీరువా వెతికితే బిల్లు దొరికింది. చదివాక కాళ్లు వణికాయి. అందులో రాసింది "ఫ్యాన్ బెల్ట్ 1, రూ. 280". అమ్మినాయన అబద్ధం చెప్పాడని అనను, ఆయనకీ రెండు బెల్టులకీ తేడా తెలియకపోయి ఉండొచ్చు. కానీ రెండేళ్లుగా నేను ఈ బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని పెంచలకోన కూడా పోయొచ్చాను. రేపే పోతున్నాను. పని చేసేటప్పుడు నేను ఏం చూసుకోవాలి?

డీజిల్‌షెడ్డు_ఒంగోలు

పక్కనే నిలబడు, ఏమీ అనుకోరు. పాత బెల్ట్ తీసే ముందు పుల్లీల మీద గుర్తులు కలిపి, వైట్నర్‌తో గీత పెట్టుకుంటున్నాడో లేదో చూడు. కొత్తది ఎక్కించాక వెంటనే సెల్ఫ్ కొట్టనివ్వకు. కింద క్రాంక్ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పాలి, ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకుండా మళ్లీ విప్పాలి. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్లీ ఒకదానికొకటి వస్తే అప్పుడు తాళం. పొద్దున్నే పోతే సాయంత్రానికి ఇచ్చేస్తారు, రెండు రోజులు పట్టదు.

నిమ్మతోట_పొదలకూరు

అయిపోయిందన్నా. ఆటోనగర్‌లోనే చేయించాను, మీరు రాసిన రేట్లు చూపిస్తే కాదనలేదు, 5,100 తీసుకున్నాడు, బిల్లులో ఒక్కో వస్తువూ విడివిడిగా రాయించాను. పాత బెల్ట్ తీసి నా చేతిలో పెట్టాడు. వంచితే ఒకచోట వరసగా ఏడు పళ్ల మొదట్లో గీతలు, ఒక పన్ను అయితే గోరు పెడితే కదులుతోంది. టెన్షనర్‌ని వేలితో తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది. క్యామ్ సీలు బాగానే ఉంది, కింద క్రాంక్ సీలు తడిగా ఉంది, రెండూ మార్పించాను. ఒంగోలన్న చెప్పినట్టు స్పానర్‌తో రెండు చుట్లు తిప్పే చూసుకున్నాడు, నేను అడగక ముందే.

పొద్దున తొమ్మిదికి పెడితే సాయంత్రం నాలుగున్నరకి ఇచ్చాడు. మీటరు కేబుల్ కూడా 350 పెట్టి వేయించాను, ఇకనైనా కిలోమీటర్లు తెలియాలి కదా. తేదీ, మీటరు రీడింగు టైమింగ్ కవరు మీద పెయింటు పెన్నుతో రాయించాను, డోరు లోపలి పక్క నేను కూడా రాసుకున్నాను. పాత బెల్ట్ సీటు వెనకే పెట్టుకున్నాను, యార్డులో ఆ డ్రైవరన్నకి చూపించాలి, ఆయన కొడుకుది కూడా ఏస్ బండే.