ఘన ఇంధనం రాకెట్‌కు గైడెన్స్ (దారి పట్టించుడు) ఎట్ల? ఆపరాని మోటరుతోని కక్ష్య పట్టుడెట్ల?

హన్మకొండ_పోరడు:
అన్నలూ, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు పైథాన్‌ల మూడు ఘన దశల రాకెట్ సిమ్యులేషన్ రాస్తున్నం. 500 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్య, అంటే సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగం రావాలె. ఏ సెకనుకు ఎంత వంగాల్నో టేబుల్ పెట్టినం, మంచిగనే పోతుండె, గానీ ఇంధనం మండే రేటు 2 శాతం మార్చంగనే కక్ష్య ఎటో పోతుంది. లిక్విడ్ ఇంజిన్ అయితే వేగం రాంగనే బంద్ చేస్తం, దీన్నెట్ల బంద్ చేసుడు?

కాజీపేట_జంక్షన్:
మేం గూడ గిదే చేసినం తమ్మీ. రేటు పెరిగితే మోటరు జల్ది అయిపోతది, అది ఇచ్చే మొత్తం వేగం పెద్దగ మారది. అందుకే టేబుల్‌ను టైముకు గాదు, యాక్సెలరోమీటర్ (వేగం ఎంత మారుతుందో కొలిచే సెన్సర్) చూపెట్టే వేగానికి కట్టు. సగం గోస అక్కడ్నే పోతది.

పాత_ఆర్ఈసీ:
ముందే రాసిపెట్టిన పిచ్ ప్రోగ్రాంతోని, అంటే నీ వంపు టేబుల్ అసొంటి దానితోని గూడ కక్ష్యకు పోవచ్చు. మన ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 నాలుగు దశలూ ఘనమే, గైడెన్స్ ఓపెన్ లూప్, అంటే పోయేటప్పుడు దారి మళ్ల లెక్కగట్టదు, చివరి దశను గిర్రున తిప్పి వదిలిపెట్టుడే. 1980 జులై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం అట్లనే కక్ష్యకెక్కింది. గానీ కక్ష్య ఖచ్చితంగ కావాల్నంటే క్లోజ్డ్ లూప్ ఉండాలె, అంటే ఎక్కడున్నదో చూసుకుంట దారి సరిచేసుకునుడు, అది మనకు తర్వాతి రాకెట్ ఏఎస్‌ఎల్‌వీతోని వచ్చింది. గాలి దట్టంగ ఉన్న కాడ మాత్రం క్లోజ్డ్ లూప్ పెట్టకు, ముక్కు జర పక్కకు తిరిగినా గాలి లోడు రాకెట్‌ను విరగ్గొడతది. ఆ రోజు గాలిని బెలూన్లతోని కొలిచి దానికి తగ్గట్టు ముందే వంపు సరిచేసుకుంటరు.

కరీంనగర్_అక్క:
మోటరును ఆపలేం, గానీ రెండు మన చేతుల ఉంటయి. ఒకటి, రెండో దశ అయిపోయినంక మూడోది ఎప్పుడు ముట్టియ్యాలె అన్నది, నడుమ ఎంతసేపు ఊరికె తేలాల్నో లెక్కగట్టి. రెండోది, ముక్కు ఎటు తిప్పాలె అన్నది. ఎక్కువున్న శక్తిని కావాలనే వేస్ట్ చేస్తరు. బండ్ల పెట్రోలంత అయిపోవాలె, కాజీపేట కాడనే ఆగాలె అనుకో, అప్పుడు సీదా పోకుంట వడ్డేపల్లి చెరువు దిక్కు చుట్టు తిరిగి పోతం గదా, గట్ల. నేను చేసినప్పుడు ముక్కు ఒక పక్కకే తిప్పితే కక్ష్య వాలు పాడైంది, సగంసేపు ఇటు సగంసేపు అటు తిప్పితే నిలబడ్డది.

హన్మకొండ_పోరడు:
అక్కా, రాత్రంత కూసోని చేసిన, వేగం సెకనుకు 10 మీటర్ల తేడాలోకి వచ్చింది! గానీ 10 మీటర్లు తక్కువైతేనే కక్ష్య అవతలి పక్క 36 కిలోమీటర్లు కిందికి దిగుతుంది.

పాత_ఆర్ఈసీ:
గందుకే ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీకి మూడు ఘన దశల మీద చిన్న లిక్విడ్ దశ పెట్టిన్రు, వేగాన్ని చివర్ల సరిచేస్తందుకు. 2022 ఆగస్టు 7న మొదటిసారి పోయినప్పుడు రెండో దశ విడిపోయేటప్పటి అదురుకు యాక్సెలరోమీటర్ల రీడింగులు హద్దు దాటినయి, కంప్యూటర్ సెన్సర్లే ఖరాబైనయనుకున్నది, ఆ లిక్విడ్ దశ మండనే లేదు, ఒక పక్క 356, అవతలి పక్క 76 కిలోమీటర్ల ఎత్తున్న కక్ష్య వచ్చింది. 76 అంటే వాతావరణమే, ఉపగ్రహాలు ఆగలే. మీరు గూడ సిమ్యులేషన్ల సెన్సర్‌కు హద్దు పెట్టి, దశ విడిపోయే టైముకు అదురు కలిపి చూడున్రి.

హన్మకొండ_పోరడు:
సెన్సర్ ఎప్పుడూ కరెక్టే చెప్తదని రాసిన సార్, ఇయ్యాలనే మారుస్త. ఆ 10 మీటర్లకు లిక్విడ్ దశ గూడ కలుపుత.