గుండె లయ తప్పిన అమ్మకు పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్ర వాడవచ్చా?

ప్రశ్న:
నమస్కారమండీ. మా అమ్మగారికి 63 ఏళ్లు. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం బాగా ఇరుకైందని, దానివల్లే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) వచ్చిందని ఎకో, ఈసీజీ చూసిన డాక్టరుగారు చెప్పారు. మణికట్టు పట్టుకుంటే నాడి వెంటవెంటనే రెండుసార్లు కొట్టుకుని, కాస్త ఆగి, మళ్లీ పరుగెడుతుంది. పక్షవాతం రాకుండా, రక్తం గడ్డకట్టనివ్వని అసిట్రోమ్ మాత్ర రాశారు. నెలనెలా రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకు పట్నం వెళ్లడం ఆమెకు కష్టమవుతోంది. ఆ పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయని బంధువులు అంటున్నారు. ఆకుకూరలు పడవని ఎవరో చెబితే గోంగూర, మునగాకు పూర్తిగా మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు 1:
బంధువులు చెప్పింది చాలామంది రోగుల విషయంలో నిజమేనండీ, మీ అమ్మగారి విషయంలో మాత్రం కాదు. గుండె పై గది సరిగా ముడుచుకోక వణుకుతూ ఉంటే రక్తం అందులో నిలిచి గడ్డకడుతుంది. కవాటం కూడా ఇరుకైతే మరింత నిలుస్తుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. కీళ్లవాత జ్వరంతో కవాటాలు దెబ్బతిని లయ తప్పినవారిలో, కొత్త మాత్రల్లో ఒకటైన రివరాక్సబాన్‌ను అసిట్రోమ్ లాంటి పాత రకం మందుతో పోల్చిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో వెలువడింది. అందులో పాత మందు వాడినవారిలోనే మరణాలు తక్కువ. కనుక ఐఎన్‌ఆర్‌ను 2 నుంచి 3 మధ్య నిలపడమే మార్గం. ఆస్పిరిన్ దీనికి ప్రత్యామ్నాయం కాదు.

జవాబు 2:
మా మామగారు తొమ్మిదేళ్లుగా అసిట్రోమ్ మాత్రే వాడుతున్నారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనికి అడ్డుపడే మాట నిజమే, కానీ మానేయనక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే డాక్టరుగారు మాత్రను దానికి తగ్గట్టు సరిచేస్తారు. ఒక వారం అసలు మాని, మరుసటి వారం రోజూ తింటేనే ఐఎన్‌ఆర్ అటూ ఇటూ అవుతుంది. నేను మరీ మరీ చెప్పదలచుకున్నది నొప్పి మాత్రల గురించి. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఎవరో ఇచ్చిన మాత్రలు నాలుగు రోజులు వేసుకున్నాక మామగారికి విరేచనం తారులా నల్లగా అయింది. కడుపులో రక్తస్రావమని తేలి ఆసుపత్రిలో చేర్చాం. అప్పటినుంచి జలుబు మందు కొన్నా అసిట్రోమ్ సంగతి ముందే చెబుతున్నాం.

జవాబు 3:
ఒక్క మాట చేరుస్తానండీ. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అది ఇవ్వవచ్చో లేదో ఐఎన్‌ఆర్ చూసి నిర్ణయిస్తారు. చివరి పరీక్ష చీటీని, మాత్రల అట్టను ఒకే సంచిలో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.